కాన్పు చేసే చేతికి అధికారమేదీ?

అనకాపల్లి జిల్లా రోలుగుంట మండలం ఆర్ల పంచాయతీ కొండల్లో ఆడమనిషికి నొప్పులు మొదలైతే ముందు వెతికేది డాక్టరును కాదు. డోలీ కట్టే కర్రను, దాన్ని మోసే భుజాలను. లోసింగి, పెదగరువు లాంటి ఊళ్ల గర్భిణుల ఫొటోలు పత్రికల్లో పడ్డప్పుడల్లా నాయకులు రోడ్డు గురించి మాట్లాడతారు. రోడ్డు వెయ్యాల్సిందే, ఏనాడో వెయ్యాల్సింది. మరి ఆ రోడ్డు చివర చెయ్యి పట్టుకుని పురుడు పోసే మనిషి ఎవరు? ఆమెకు ఏం నేర్పారు, ఏం చెయ్యడానికి అధికారం ఇచ్చారు? ఈ ప్రశ్న అడిగేవాడు లేడు. పైగా ఇవి గిరిజన ప్రాంతాలకు రాజ్యాంగం రక్షణ ఇచ్చే ఐదో షెడ్యూలు గీతకు బయట పడిపోయిన గిరిజన ఊళ్లు. కష్టం పాడేరు ఏజెన్సీదే, హక్కులు మాత్రం మైదానానివి.

చట్టాలు లేవా అంటే, ఈ గడ్డ మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నప్పుడే, 1926లోనే, నర్సులకూ మంత్రసానులకూ చట్టం చేశారు. 1947లో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం వచ్చింది. దాని స్థానంలోకి తేవడానికి 2023 ఆగస్టులో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టాన్ని పార్లమెంటు ఆమోదించింది. దాదాపు వందేళ్ల నియంత్రణ! ఆ వందేళ్లలో కాన్పు విద్యను పెంచారా, కోశారా? కోశారు. ఏఎన్‌ఎం, అంటే ఆక్జిలరీ నర్స్ మిడ్‌వైఫ్, అన్న పేరులోనే మిడ్‌వైఫ్ ఉంది. 1973లో కేంద్రం వేసిన కర్తార్ సింగ్ కమిటీ ఆమెను అన్ని పనులూ చేసే ఆరోగ్య కార్యకర్తగా మార్చమంది. ఆ దశాబ్దం ముగిసేలోగా రెండేళ్ల చదువును ఏడాదిన్నరకు కుదించారు, అందులో తొమ్మిది నెలల కాన్పు శిక్షణను ఆరు నెలలు చేశారు. తల్లుల చావులు తగ్గడం లేదని తర్వాత బెంగపడి, అదే ఏఎన్‌ఎంను పిలిచి ఇరవయ్యొక్క రోజుల శిక్షణ ఇచ్చారు. నెలల తరబడి నేర్పాల్సింది మూడు వారాల్లో! చదువును మళ్లీ రెండేళ్లకు పెంచేసరికి ఒక తరం నర్సమ్మలు సూది మందుకూ సర్వేకూ మాత్రమే పనికొచ్చేవాళ్లుగా మిగిలిపోయారు. తప్పు వాళ్లది కాదు. ఇవాళ గ్రామ సచివాలయం ఏఎన్‌ఎం భుజాన టీకాల డబ్బా, చేతిలో ఫోన్, ఫోన్ నిండా యాప్‌లు. ఆ యాప్‌లో ఎంట్రీ పడకపోతే మెమో వస్తుంది. కాన్పు చెయ్యడం రాకపోతే ఏమీ రాదు.

ఈ చదువు చెప్పే నర్సింగ్ కాలేజీల సంగతికొస్తాను. తనిఖీకి వచ్చేవాళ్లు గదులు కొలుస్తారు, మంచాలు లెక్కపెడతారు, లైబ్రరీ చూస్తారు. కాన్పు విద్య అసలు ప్రాణం కేసుబుక్కులో ఉంది. విద్యార్థిని తన చేతుల మీదుగా చేసిన ప్రతి కాన్పూ అందులో రాయాలి: తల్లి వయసు, ఎన్నో కాన్పు, నొప్పులు ఎప్పుడు మొదలయ్యాయి, బిడ్డ బరువెంత, మాయ ఎప్పుడు పడింది. అలాంటి కేసుబుక్కులు కొన్ని నేను తిరగేశాను. పక్కపక్క పిల్లల పుస్తకాల్లో ఒకే తల్లి, ఒకే బిడ్డ, ఒకే బరువు. కింద మేడమ్ సంతకం. ఆ పిల్లలను అడిగితే ఒకమ్మాయి తలదించుకుని, 'సీనియర్ల బుక్కు చూసి రాసుకున్నామండీ' అంది. ఆ అమ్మాయి రేపు ఏ కొండ కిందో ఒంటరిగా నిలబడాలి. రక్తం ఆగని తల్లి ముందు ఆ సంతకం ఆమెకు ఏం సాయం చేస్తుంది?

ఇది ఒక్క కాలేజీ జబ్బు కాదు. మధ్యప్రదేశ్‌లో నర్సింగ్ కాలేజీల గోల్‌మాల్ తేల్చమని హైకోర్టు సీబీఐని పంపితే, అనుకూల నివేదికలకు లంచాలు మింగారని 2024లో సీబీఐ తన అధికారులనే అరెస్టు చెయ్యాల్సి వచ్చింది. పహరావాడే కన్నం వేస్తే ఇక దిక్కెవరు? దానికి కొత్త చట్టం చూపే మందు, ఎన్నికైన సభ్యులుండే కౌన్సిల్ పోయి ఢిల్లీ నియమించే కమిషన్ రావడం. నర్సు ఓటుకు విలువ తీసేస్తే కేసుబుక్కులో దొంగలెక్క ఆగిపోతుందా?

దారి లేక కాదు నా కోపం. దారి పక్క రాష్ట్రంలోనే కనబడుతోంది. తెలంగాణ ప్రభుత్వం 2017లో ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యునిసెఫ్‌లతో కలిసి నర్సులకు పద్దెనిమిది నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది. కేంద్రం 2018లో అలాంటి మిడ్‌వైఫ్‌ల కోసమే మార్గదర్శకాలు ఇచ్చింది. ఇబ్బంది లేని కాన్పును ఆ మిడ్‌వైఫ్ తన బాధ్యత మీదే చేస్తుంది, ప్రమాదం కనబడితే డాక్టరుకు అప్పగిస్తుంది. మనకు ఆమె ఎంత అవసరమో 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పేసింది: ఆంధ్రలో 42.4 శాతం, తెలంగాణలో 60.7 శాతం కాన్పులు కోతతోనే. అక్కర్లేని తల్లికి కత్తి, అవసరమైన తల్లికి డోలీ. రెండూ ఒకే లోటు నుంచి పుట్టాయి.

అందుకే గట్టిగా అడుగుతున్నాను. రోలుగుంట పీహెచ్‌సీలో రాత్రి కూడా ఉండే, పద్దెనిమిది నెలల శిక్షణ పొందిన మిడ్‌వైఫ్‌ను వెయ్యండి, ఉండటానికి ఇల్లివ్వండి. ఆమె ఏయే మందులు ఇవ్వొచ్చో, ఏ నిర్ణయం తీసుకోవచ్చో చట్టంలోనే రాయండి; ఆ అధికారాన్ని డాక్టరు దయకు వదలొద్దు. ప్రతి కాలేజీ తనిఖీ నివేదికనూ తెలుగులో జనం ముందు పెట్టండి. కేసుబుక్కులో రాసిన కాన్పును ఆసుపత్రి రిజిస్టరుతో సరిపోల్చండి, దొంగ కాన్పు దొరికిన చోట గుర్తింపు రద్దు చెయ్యండి. కమిషన్ సభ్యులు ఆ గదులు కొలిచే టేపు పక్కనపెట్టి, నర్సీపట్నం ఏరియా ఆసుపత్రి నుంచి అనకాపల్లికి, అక్కడి నుంచి విశాఖ కేజీహెచ్‌కు తోసేసిన తల్లుల కేసుషీట్లు తెరవాలి. ఏ చేతికి ఏ చదువు చాలలేదో ఆ కాగితాల్లోనే రాసి ఉంది, చదవండి.