చెత్తబండి రాకపోతే ఎవరిని అడగాలి?

మొన్న ఉగాది పచ్చడి తింటూ ఆంధ్రా, తెలంగాణ రాజకీయాలు గంటసేపు మాట్లాడుకున్నాం. చివర్లో "ఇంతకీ ఇక్కడ మీది ఏ వార్డు?" అని అడిగితే ఒక్కరూ చెప్పలేదు. "మనకెందుకక్కా, మనది ఇండియన్ పాస్‌పోర్టేగా" అన్నాడు ఓ తమ్ముడు. చాలా ఏళ్ళు నేనూ అలాగే అనుకున్నాను. అది పొరపాటు. భారత్ కామన్వెల్త్ దేశం కాబట్టి, చెల్లుబాటయ్యే వీసాతో ఇక్కడ ఉంటున్న మనవాళ్ళకి 18 ఏళ్ళు నిండితే ఓటు ఉంది. స్టూడెంట్ వీసా అయినా సరే.

మా బర్మింగ్‌హామ్‌లో మే 7న కౌన్సిల్ ఎన్నికలు. 69 వార్డులు, 101 మంది కౌన్సిలర్లు. వార్డు అంటే మన హైదరాబాద్‌లో డివిజన్ లాంటిదే. ఒక్కో వార్డుకి ఒకరో ఇద్దరో ఉంటారు.

ఈసారి ఎందుకు ముఖ్యమంటే, 2023 సెప్టెంబరులో కౌన్సిల్ సెక్షన్ 114 నోటీసు ఇచ్చింది. అంటే ఖజానా ఖాళీ, తప్పనిసరివి తప్ప కొత్త ఖర్చులు పెట్టలేమని ఒప్పుకోవడం. మహిళా ఉద్యోగుల సమాన వేతన బకాయిలు, కొత్త కంప్యూటర్ వ్యవస్థ సరిగ్గా పనిచేయకపోవడం పెద్ద కారణాలు. భారం మన మీద పడింది. కౌన్సిల్ టాక్స్ 2024లో 9.99 శాతం, 2025లో 7.49 శాతం పెరిగింది. పెరిగినదాని మీద మళ్ళీ పెరిగింది కాబట్టి మొత్తం 18 శాతం పైనే. 1,500 పౌండ్లు కట్టే ఇల్లు 1,773 కట్టాలి.

2025 మార్చి 11 నుంచి చెత్త కార్మికులు పూర్తి సమ్మెకు దిగారు. దీని వెనకా అదే సమాన వేతనం గొడవ. ఆ పోస్టు ఉంచితే మళ్ళీ క్లెయిములు వస్తాయని కౌన్సిల్, తీసేస్తే మా జీతాలు పడిపోతాయని కార్మికులు. ఇద్దరి మధ్య మన వీధుల్లో సంచులు గుట్టలు పడ్డాయి.

2021 జనాభా లెక్కల ప్రకారం ఒక్కో కౌన్సిలర్‌కి సుమారు 11,300 మంది. పిల్లల్ని తీసేస్తే ఓటర్లు ఇంకా తక్కువ. 2022లో ఓటేసింది మూడో వంతు కూడా కాదు. అలాంటిచోట ఓ యాభై కుటుంబాలు కదిలినా అభ్యర్థి పట్టించుకోక తప్పదు.

ఏ పార్టీకి వెయ్యాలో నేను చెప్పను. ఏప్రిల్ 20 లోపు ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోండి. వేరే ఊరివాళ్ళు తమ దగ్గర ఈసారి ఎన్నిక ఉందో లేదో చూసుకోండి. బూత్‌కి ఫొటో గుర్తింపు తప్పనిసరి, ఇండియన్ పాస్‌పోర్టు చెల్లుతుంది. ఫోన్‌లో ఈ-వీసా చూపిస్తే కుదరదు. తలుపు కొట్టిన అభ్యర్థిని చెత్త గురించి, టాక్స్ గురించి నిలబెట్టి అడగండి.

అక్కడ ఓటెయ్యాలంటే విమానం ఎక్కాలి. ఇక్కడ బూత్ నాలుగు వీధుల అవతలే.