దాదీమా కూడా వచ్చే ప్రయాణం

డిసెంబరు రాగానే హైదరాబాదు ఇళ్లలో ఒక చర్చ మొదలవుతుంది. ఉదయం రైలెక్కి, రాత్రికి తిరిగి ఇల్లు చేరగలిగే ఊరేది? పిల్లలు కోట అంటారు, యువకులు కొండ అంటారు. ఇంటి పెద్దావిడ మాత్రం, "మీరు వెళ్లి రండి, నేను ఇల్లు చూసుకుంటాను" అంటుంది. ఆ మాటను మనం చాలా సులభంగా నమ్మేస్తాము. మా ఇంట్లో వరుసగా మూడు చలికాలాలు నమ్మాము.

దైవప్రవక్త (స) ప్రయాణాల్లో బృందానికి వెనుకగా ఉంటూ బలహీనులను కలుపుకొని వచ్చేవారని హదీసులు తెలుపుతున్నాయి. ఇది గుర్తుకు వచ్చాక మా కొలత మారింది.

భువనగిరి దగ్గరే, రైల్లో సుమారు గంట. కాని అక్కడ చూడవలసిన కోట 500 అడుగులకు పైబడిన ఏకశిల మీద ఉన్నది. మోకాళ్ల నొప్పి ఉన్నవారిని కింద కూర్చోబెట్టి ఎక్కడమంటే, ఇంట్లో వదిలి వెళ్లడం కంటే మేలేమీ కాదు. వికారాబాదులో దిగితే అనంతగిరి అడవి గాలి హాయిగా ఉంటుంది. వరంగల్ కోట విశాలమైనది, నడక ఎక్కువ.

చివరకు బీదరు ఎంచుకున్నాము. రైల్లో కొన్ని గంటలు పట్టినా కిటికీ పక్క కూర్చోవడం దాదీమాకు శ్రమ కాలేదు. రొట్టెలు, ఖీమా, వుజూకు సీసాలో నీళ్లు వెంట తీసుకువెళ్లాము. (బిర్యానీ గిన్నె మోయకండి. ఒకసారి మోశాము, చాలు.) ఈ రోజుల్లో ఆరు కాకముందే మగ్రిబ్ అవుతుంది కనుక జుహర్, అసర్ ఎక్కడ చదువుతామో ముందే అనుకోవాలి. మన ప్రాంతపు హనఫీ ఉలమా సాధారణంగా 78 కిలోమీటర్లను ప్రయాణ దూరంగా చెబుతారు. భువనగిరి అంతకు లోపే, అక్కడ పూర్తి నమాజే. బీదరులో మాత్రం నాలుగు రకాతుల ఫర్జ్ రెండవుతుంది. పిల్లలు ఖస్ర్ నమాజును పుస్తకంలో చదవడం వేరు, స్వయంగా చేయడం వేరు.

అక్కడ అన్నిటికంటే ఎక్కువసేపు నిలిచినది మహమూద్ గవాన్ మద్రసా దగ్గర. ఇరాన్‌లోని గీలాన్ నుండి వచ్చి బహమనీ రాజ్యానికి మంత్రి అయిన ఆయన 1472లో దానిని కట్టించాడు. మూడంతస్తులు, తరగతి గదులు, గ్రంథాలయం, మస్జిదు. ఒక మినారు మీద రంగుటద్దకపు పలకలు నేటికీ కొన్ని మిగిలి ఉన్నాయి. అసూయాపరులు సృష్టించిన దొంగ ఉత్తరాన్ని నమ్మి సుల్తాను 1481లో ఆయనకు మరణశిక్ష వేయించాడు. విచారించకుండా వేసిన శిక్ష అది.

మా పెద్ద మనవడు ఈ కథ చెబుతుంటే దాదీమా ముంగిట ఒక రాతి మెట్టుపై కూర్చుని విన్నారు. "ఉత్తరం రాసినవాణ్ణి పిలిచి అడగలేదా?" అన్నారు. వాడి దగ్గర జవాబు లేదు.

ఈసారి ఏ ఊరన్నది ఇంకా తేలలేదు. ఆమె మాత్రం మోకాలి పట్టీని అప్పుడే సంచిలో పెట్టుకున్నారు.