రోహిణి నీళ్ల ఖరీదు

రోహిణీ నది తగాదాను శాంతిబోధకు మచ్చుతునకగా ఉదాహరించడం మన పండితులకు పరిపాటి అయిపోయింది. బుద్ధుడు వచ్చాడు, నాలుగు మాటలు చెప్పాడు, శాక్యులూ కోలియులూ కత్తులు దించారు. నీళ్లకోసం కొట్టుకునే వాళ్లంతా ఇది చదువుకొని బుద్ధి తెచ్చుకోవాలి అంటారు. మంచిదే. కాని వారు కథను చివరిదాకా చదివినట్టు తోచదు. చదివితే ఒక చిన్న ప్రశ్న తప్పక వచ్చి ఉండేది: ఇంతకీ నీళ్లు ఎవరి మడికి పారాయి?

ధమ్మపద అట్ఠకథలోనూ, కుణాల జాతకంలోనూ కథ ఇది. కపిలవస్తుకూ కోలియ నగరానికీ మధ్య రోహిణి పారుతుంది. ఉభయులూ దానికి ఒకే ఆనకట్ట కట్టుకొని సేద్యం చేస్తున్నారు. జ్యేష్ఠమాసంలో పైరు వడలింది. రెండు వైపుల దాసులూ కర్మకరులూ, అంటే మన మాటలో పాలేర్లూ కూలీలూ, ఏటి దగ్గర చేరారు. ఉన్న నీళ్లు ఇద్దరికీ చాలవు, ఒక్క తడి అందితే మా పైరు పండుతుంది, మాకు వదలమన్నారు కోలియుల పనివాళ్లు. మీ గాదెలు నిండాక మేము సొమ్మూ బుట్టలూ పట్టుకొని మీ గుమ్మాల చుట్టూ తిరగాలా, మాకు కావలసిందీ ఒక్క తడే అన్నారు శాక్యుల పనివాళ్లు. మాట పెరిగింది, చేయి లేచింది, ఆపైన యజమానుల వంశాలమీదికి తిట్లు పోయాయి. ఇక్కడ గమనించండి. ఈ సంగతి అమాత్యులు విని, వాళ్లు రాజులకు చెప్పేసరికి నీళ్లు ఇగిరిపోయి తిట్లు మాత్రం మిగిలాయి. రాజులు కత్తులు పట్టింది తిట్టుకోసం, తడికోసం కాదు.

ఇది నేను కల్పించి చెబుతున్నది కాదు. కలహం దేనికని బుద్ధుడు అడిగితే రాజులు మాకు తెలియదన్నారు. సేనాపతికి తెలిసి ఉంటుందన్నారు. అతడు ఉపరాజు పేరు చెప్పాడు. ఇలా ఒకరిమీద ఒకరు చెప్పుకుంటూ పోగా, జవాబు చివరకు పాలేర్ల దగ్గర దొరికింది. నీళ్లకోసం! అట్ఠకథాకారుడు తెలిసి రాశాడో తెలియక రాశాడో గాని, యుద్ధం చేసేవాళ్లకు యుద్ధకారణం తెలియదన్న సంగతి బట్టబయలు చేశాడు.

ఆ వెంటనే కథ చేజారింది. నీళ్ల విలువ ఎంతని బుద్ధుడు రాజులను అడుగుతాడు. స్వల్పమంటారు. క్షత్రియుల విలువ? అది వెలకట్టలేనిది. అయితే ఆ స్వల్పానికి ఈ అమూల్యాన్ని నాశనం చేసుకుంటారా? రాజులు మౌనం వహించారు. జాతకం ప్రకారం చెరొక 250 మంది కుమారులను భిక్షు సంఘానికి ఇచ్చారు. నీళ్ల ప్రసక్తి మళ్లీ లేదు.

నీళ్ల వెల స్వల్పమని చెప్పిందెవరు? ఆ ఎండలో వడలిన పైరు పక్కన నిలబడని వాళ్లు. అదే ప్రశ్న పాలేరును అడిగి ఉంటే జవాబు వేరుగా ఉండేది. అడగలేదు. త్రాసులో ఒక పక్క నీళ్లు, ఒక పక్క క్షత్రియుల ప్రాణాలు. మొదట దెబ్బలు తిన్నవాడి ప్రాణం ఏ పక్కనా లేదు.

యుద్ధం ఆగడం తక్కువ సంగతి అని నేను అనను. ఆగకపోతే ముందు చచ్చేది ఆ పాలేర్లే. కాని చెరువు కింద ఎకరం వరి వేసినవాడెవడైనా చెబుతాడు, తగాదా తీరడమంటే వంతు తేలడమని. తూము ఎప్పుడు ఎత్తాలి, ఎవరి మడికి ఎన్ని గడియలు, పై మడివాడు రాత్రికి రాత్రి మళ్లించుకుంటే ఎంత తప్పు కట్టాలి. ఇవి తేలకుండా దించిన కత్తి వచ్చే జ్యేష్ఠం దాకా ఒరలో ఉంటుంది, అంతే.

అంబేడ్కర్‌కు ఈ సంగతి తెలుసు. మహాడ్‌లో చవదార్ చెరువు నీళ్లు దోసిట పట్టి తాగడానికి 1927 మార్చి 20న వేలమందిని వెంటబెట్టుకొని నడవవలసి వచ్చినవాడు, ఆ హక్కు బొంబాయి హైకోర్టులో ఖాయం కావడానికి 1937 దాకా ఆగవలసి వచ్చినవాడు, నీళ్ల వెల స్వల్పమని ఎలా రాస్తాడు? ఆయన పోయిన తర్వాత 1957లో వెలువడిన 'బుద్ధుడు, ఆయన ధర్మం'లో కథే మారిపోయింది. సిద్ధార్థుడు ఇల్లు విడిచింది ముసలివాణ్ణీ రోగినీ శవాన్నీ చూసి కాదు, రోహిణి నీళ్లకోసం యుద్ధం వద్దన్నందుకు. శాక్య సంఘ సభలో లేచి, తప్పు మనవాళ్లదీ ఉంది, విచారిద్దామన్నాడు. మనం ఇద్దరిని, కోలియులు ఇద్దరిని ఎన్నుకుంటే, ఆ నలుగురూ ఐదోవాణ్ణి ఎన్నుకొని తగాదా తీరుస్తారన్నాడు. ఓట్లలో ఓడిపోయి దేశం విడిచాడు. తర్వాతనే రెండు పక్షాలూ దిగివచ్చి, రోహిణి నీళ్ల తగాదాలన్నీ తీర్చే శాశ్వత మధ్యవర్తి మండలికి ఒప్పుకున్నాయి.

మూలాన్ని మార్చాడని బౌద్ధ పండితులు కొందరు ఆక్షేపించారు. మార్చాడు. అట్ఠకథ మాత్రం బుద్ధుడి ఎదుట కూర్చొని రాసిందా? ఎన్నో శతాబ్దాల తర్వాత సింహళంలో కూర్చింది. కూర్చే హక్కు ఆనాటి భిక్షువుకు ఉండి, ఇరవయ్యో శతాబ్దపు మనిషికి లేకపోవడానికి కారణం ఏమిటో చెప్పమనండి.

నా ఫిర్యాదు వేరు. ఈ గ్రంథంలోనూ కొట్లాట మొదలయ్యేది ఉభయుల సేవకుల మధ్యనే, గాయపడిందీ వాళ్లే. ఐదుగురిని ఎన్నుకుందామన్న ప్రతిపాదన వచ్చేసరికి వాళ్లు మళ్లీ కనిపించరు. కలహకారణం ఎవరికి తెలుసో అట్ఠకథ చెప్పనే చెప్పింది గదా. కథను అంత ధైర్యంగా తిరగరాసిన మనిషికి, ఆ పాలేర్లలో ఒక్కణ్ణయినా ఆ ఐదుగురి సరసన కూర్చోబెట్టాలని ఎందుకు తోచలేదో!