నోటీసు వచ్చిన పిల్లవాడికి తోడెవరు?



పోయిన నెలలో ఒక రాత్రి పదకొండు దాటాక నాకు ఫోన్ వచ్చింది. ఎమ్మెస్ రెండో సెమిస్టర్ చదువుతున్న కుర్రాడు. ఎవరో నా నంబర్ ఇచ్చారట. "అన్నా, నేను కాపీ కొట్టానని యూనివర్సిటీ నుంచి మెయిల్ వచ్చింది. వారంలో హియరింగ్ అంటున్నారు. రిపోర్టు మొత్తం నేనే రాశానన్నా" అన్నాడు. కాసేపాగి అసలు భయం బయటపెట్టాడు. "ఇంట్లో తెలిస్తే నాన్న తట్టుకోలేడు. పొలం కాగితాలు బ్యాంకులో ఉన్నాయి."

ఆ గొంతు నాకు కొత్త కాదు. 2013లో నా గొంతు కూడా అలాగే వణికింది.

నేను చదివిన యూనివర్సిటీ పేరు ఇక్కడ అనవసరం. ఆపరేటింగ్ సిస్టమ్స్ కోర్సులో రెండో అసైన్‌మెంట్. తెల్లారితే సబ్మిషన్ అనగా రూమ్మేట్ వచ్చి "ఒక్కసారి నీ కోడ్ చూపించరా, ఐడియా కోసం" అన్నాడు. ఇచ్చాను. వాడు వేరియబుల్ పేర్లు మార్చి తనదిగా పంపేశాడు. పది రోజులకు ఇద్దరికీ నోటీసులు వచ్చాయి. కాపీ కొట్టినందుకు వాడికి, కాపీ కొట్టనిచ్చినందుకు నాకు. ఇవ్వడం కూడా తప్పేనని నాకు అప్పుడే తెలిసింది. సిలబస్ మొదటి పేజీలోనే రాసి ఉంది. నేను చదవలేదు.

ప్రొఫెసర్ మర్యాదగానే మాట్లాడాడు. ఒక ఫారం ముందు పెట్టి, సంతకం చేస్తే విషయం ఇక్కడితో అయిపోతుందన్నాడు. పెద్దాయన చెప్పాడు కదా అని పెట్టేశాను. తప్పు ఒప్పుకుంటున్నాననీ, హియరింగ్ వద్దనీ, అప్పీలు చేయననీ అందులో ఉందని బయటికొచ్చాక చదువుకున్నాను. కోర్సులో ఎఫ్ వచ్చింది. జీపీఏ మూడు కిందికి పడింది. అసిస్టెంట్‌షిప్ పోయింది. ఒక సెమిస్టర్ అదనంగా చదవాల్సి వచ్చింది. ఆ డబ్బు నాన్న అప్పు తెచ్చి పంపాడు. ఎందుకో ఆయనకు చెప్పలేదు.

నేను అమాయకుణ్ణని చెప్పడానికి ఇదంతా రాయడం లేదు. తప్పు చేశాను. కానీ చేసిన తప్పెంత, దానికి పడ్డ శిక్షెంత అని అడిగే అవకాశం నాకుండేది. నా చేత్తో నేనే దాన్ని పోగొట్టుకున్నాను. అలా పోగొట్టుకుంటున్న మన పిల్లలు ఇంకా ఉన్నారన్నదే నా బాధ.

ముందు మన సంగతి ఒప్పుకుందాం. ఇంజనీరింగ్‌లో ల్యాబ్ రికార్డులు సీనియర్ల దగ్గర తెచ్చి దించనివాళ్లు మనలో ఎంతమంది? ఇవ్వనన్నవాణ్ణి స్వార్థపరుడన్నాం, ఇచ్చినవాణ్ణి మంచోడన్నాం. అదే మంచితనం విమానమెక్కి ఇక్కడికీ వచ్చింది. పాత అసైన్‌మెంట్లన్నీ ఒక ఫోల్డర్‌లో పెట్టి జూనియర్లకు అందించడం సేవ అనుకుంటున్నాం. డబ్బు తీసుకుని అసైన్‌మెంట్లు చేసిపెట్టేవాళ్లూ మన వాట్సాప్ గ్రూపుల్లోనే తిరుగుతున్నారు. దీనికి సంస్కృతి అని పేరు పెట్టి సమర్థించుకుంటే ఎవరూ వినరు. 2007లో డ్యూక్ యూనివర్సిటీ బిజినెస్ స్కూల్లో ఒక పరీక్ష విషయంలో 34 మంది ఎంబీఏ విద్యార్థులను దోషులుగా తేల్చారు. తొమ్మిది మందికి బహిష్కరణ, పదిహేను మందికి ఏడాది సస్పెన్షన్ విధించారు. విదేశీ విద్యార్థులకు ఇక్కడి పద్ధతులు తెలియవన్న వాదన అప్పుడూ వచ్చింది. తెలియకపోవడం ఇక్కడ రక్షణ కాదు.

అయితే ఇది సగమే. విచారణ లేకుండా శిక్ష వేయకూడదన్నది మిగతా సగం. ఆ హక్కు కూడా ఈ దేశంలో ఊరికే రాలేదు. 1960లో అలబామా స్టేట్ కాలేజీలోని నల్లజాతి విద్యార్థులు మాంట్‌గోమరీ కోర్టు భవనంలో తెల్లవాళ్లకే పరిమితమైన క్యాంటీన్‌లో కూర్చుని నిరసన తెలిపారు. నోటీసు, విచారణ ఏమీ లేకుండా తొమ్మిది మందిని కాలేజీ నుంచి వెళ్లగొట్టారు. వాళ్లలో కొందరు కోర్టుకెక్కారు. ప్రభుత్వ కాలేజీ ఒక విద్యార్థిని వెళ్లగొట్టే ముందు అభియోగం ఏమిటో చెప్పి, అతని మాట వినాల్సిందేనని 1961లో అప్పీల్స్ కోర్టు తీర్పు ఇచ్చింది. అదే డిక్సన్ కేసు. ప్రైవేటు యూనివర్సిటీలకు ఈ తీర్పు నేరుగా వర్తించదు. అక్కడ వాళ్లు అచ్చు వేసుకున్న హ్యాండ్‌బుక్కే మనకు ఆధారం. ఆ విద్యార్థులు చదువులు పోగొట్టుకుని తెచ్చిన హక్కును, హ్యాండ్‌బుక్ చదివే ఓపిక లేక మనం వదిలేసుకుంటున్నాం.

మన పిల్లలకు ఇది మార్కుల గొడవ మాత్రమే కాదు. అమెరికా విద్యార్థిని ఒక సెమిస్టర్ సస్పెండ్ చేస్తే ఇంటికెళ్లి ఏదో ఉద్యోగం చేసుకుని తిరిగొస్తాడు. ఎఫ్‌-1 మీద ఉన్నవాణ్ణి సస్పెండ్ చేస్తే సెవిస్ రికార్డు రద్దవుతుంది, దేశం విడిచి వెళ్లాలి. అనుమతి తీసుకుని మానేసినవాడికి 15 రోజుల గడువైనా ఉంది, వీడికి అదీ లేదు. అదే తప్పు, అదే కాగితం. కానీ శిక్ష ఒకటి కాదు. హియరింగ్ కమిటీలో కూర్చున్న అందరికీ ఈ సంగతి తెలిసి ఉండాలని లేదు. చెప్పుకోవాల్సింది మనమే.

ఇక యంత్రాల సాక్ష్యం. 1994 నుంచి వాడుకలో ఉన్న మాస్ అనే సాఫ్ట్‌వేర్ రెండు ప్రోగ్రాముల మధ్య పోలికలు పట్టేస్తుంది, పేర్లు మార్చినా దాగవు. కానీ ఎవరు ఎవరి దగ్గర తీసుకున్నారో అది చెప్పదు. అది మనుషులు తేల్చాల్సిన విషయం. ఇప్పుడు ఏఐ డిటెక్టర్లు వచ్చాయి. టోఫెల్ కోసం విదేశీయులు రాసిన 91 వ్యాసాలను స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2023లో ఇలాంటి ఏడు డిటెక్టర్లకు ఇచ్చి చూశారు. మనుషులు రాసిన ఆ వ్యాసాల్లో సగటున 61 శాతానికి పైగా యంత్రం రాసినవేనని అవి తేల్చాయి. అమెరికన్ ఎనిమిదో తరగతి పిల్లల వ్యాసాలను మాత్రం దాదాపు సరిగ్గానే గుర్తించాయి. ఖచ్చితత్వం తక్కువగా ఉందని ఓపెన్‌ఏఐ తన సొంత డిటెక్టర్‌ను 2023 జులైలో ఆపేసింది. ఆగస్టులో వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ టర్నిటిన్‌లోని ఏఐ డిటెక్టర్ వాడకం మానేసింది. తెలిసిన నాలుగు మాటలతో, జాగ్రత్తగా, పుస్తకంలో నేర్చుకున్న ఇంగ్లీషు రాయడమే మనవాళ్లు చేసే నేరం అవుతోంది. నాకు ఫోన్ చేసిన కుర్రాడి కేసూ ఇదే.

అతనికి చెప్పిందే మీకూ చెబుతున్నాను. మెయిల్ వచ్చిన రాత్రే జవాబు రాయొద్దు. ఏ ఫారం మీదా చదవకుండా సంతకం పెట్టొద్దు, ఆలోచించుకోవడానికి సమయం అడగండి. మీ మీద ఉన్న సాక్ష్యం చూపించమని రాతపూర్వకంగా కోరండి. మీ రికార్డు చూసే హక్కు మీకు ఫెర్పా చట్టం 1974లోనే ఇచ్చింది. డ్రాఫ్టులు, ఫైల్ హిస్టరీ, కోడ్ మార్పుల చరిత్ర ఏదీ చెరిపేయకండి. డీఎస్‌ఓను అడక్కుండా కోర్సు డ్రాప్ చేయకండి. క్యాంపస్‌లో విద్యార్థుల తరఫున ఓంబుడ్స్ ఆఫీసో, విద్యార్థి న్యాయ సలహా కేంద్రమో ఉందేమో కనుక్కోండి. అప్పీలు గడువు చాలా తక్కువ ఉంటుంది, తేదీ రాసి పెట్టుకోండి. అన్నిటికన్నా ముఖ్యం, అబద్ధం ఆడొద్దు. నిజంగా తప్పు చేసి ఉంటే చేసినంతే ఒప్పుకోండి, చేయనిది ఒప్పుకోవద్దు. రూమ్మేట్‌ను కాపాడదామని కథ అల్లితే ఇద్దరూ మునుగుతారు.

మరి మన సంఘాలు ఏం చేస్తున్నాయి? 2011లో ట్రైవ్యాలీ యూనివర్సిటీ మూతపడి, మన విద్యార్థుల కాళ్లకు రేడియో పరికరాలు తగిలించినప్పుడు అందరం గొంతెత్తాం. వందల మందికి ఒకేసారి కష్టం వస్తే కదిలాం. ఒంటరిగా ఒక్కడికి నోటీసు వస్తే మాత్రం "ఏం చేశాడో ఏమో" అని పక్కకు తప్పుకుంటున్నాం. మహాసభలకు సినిమా తారలను రప్పించే సంఘాలు ప్రతి ఆగస్టులోనూ కొత్త విద్యార్థులకు రెండు గంటలు ఈ విషయం చెప్పలేవా? ప్రతి ఊళ్లో నోటీసు చదివి పెట్టే ఇద్దరు పెద్దలను, ఒక లాయర్‌ను చూపించలేవా? దొంగను కాపాడమని ఎవరూ అడగడం లేదు. విచారణకు వెళ్లేవాడు ఒంటరిగా వెళ్లకుండా చూడమంటున్నాం.

ఇది రాయడానికి కూర్చునే ముందు నాన్నకు ఫోన్ చేసి అప్పటి సంగతి చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. "అప్పుడే చెబితే అయిపోయేది కదరా, ఇన్నేళ్లు మోశావా" అన్నాడు.

నాకు ఫోన్ చేసిన కుర్రాడి హియరింగ్ వచ్చే వారానికి వాయిదా పడింది. రిపోర్టు మూడు వారాల్లో ఎలా తయారైందో చూపించే పదకొండు డ్రాఫ్టులు అతని దగ్గర ఉన్నాయి. నేను పక్కన కూర్చోవచ్చు, మాట్లాడకూడదు అన్నారు. కూర్చోవడానికి వెళ్తున్నాను. మీ ఊళ్లో కూడా ఇలాంటి పిల్లవాడు ఎవరో ఉండే ఉంటాడు. అతను ఫోన్ చేస్తే ఎత్తండి.