స్టాండప్పా, స్టేటస్ అప్‌డేటా?

సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో రోజూ పొద్దున్నే స్టాండప్ మీటింగ్ ఉంటుంది. నిలబడతాం, నిన్న చేసిందేంటో చెబుతాం, కూర్చుంటాం. తెలుగు స్టాండప్ కామెడీ చాలామటుకు నాకు అలాగే కనిపిస్తోంది. ఓ చెయ్యి మైకు మీద, ఇంకోటి జేబులో, చూపు నేల మీద. జోకులు బావుంటాయి, కాదనను. కానీ కళ్ళు మూసుకుని విన్నా పోయేదేం లేదు. మరి స్టేజీ ఎందుకు, టిక్కెట్టెందుకు?

అడిగితే "కంటెంట్ ముఖ్యం" అంటారు. ఒళ్ళు కదిలిస్తే జబర్దస్త్ అయిపోతుందని భయం. 2013 నుంచీ టీవీలో చెంపదెబ్బలూ, మగాళ్ళకి చీరలూ చూసి విసిగిపోయిన వాళ్ళ భయం అర్థం చేసుకోదగ్గదే. అయితే అక్కడ ఒంటిని ఎగతాళికి వాడారు, కథ చెప్పడానికి కాదు. ఆ తేడా వదిలేసి ఒంటినే వదిలేస్తే ఎలా? ఈ భయం అడుగున ఇంకోటి కూడా ఉందని నా అనుమానం: ఊగుతూ చెప్పేది నాటు, కదలకుండా చెప్పేది నాగరికం అని. ఖాకీ బట్టలు, టోపీ, కర్ర తుపాకీతో వీధిలో ఒంటరిగా నిలబడి గొప్పలు కోసే పిట్టలదొర స్టాండప్ కమెడియన్ కాకపోతే మరెవరు?

గోదావరి జిల్లాల సంగతి చూడండి. కపిలేశ్వరపురంలో హరికథ నేర్పడానికి పాఠశాలే ఉంది. పక్క వాయిద్యాలున్నా హరికథలో కథంతా ఒక్కరిదే. చేతిలో చిడతలు, కాళ్ళకి గజ్జెలు. నడుము కాస్త వంగితే మంథర, గడ్డం పైకి లేస్తే కైక. కథ మధ్యలో పిట్టకథ, నవ్వు, మళ్ళీ గజ్జె మోగించి కథలోకి. "అది భక్తి, మాది సెటైర్" అంటారా? నేను అప్పడగమంటున్నది భక్తిని కాదు, ఆ ఒడుపుని. రావులపాడులో పుట్టిన రేలంగి, రాజమండ్రిలో పుట్టిన రాజబాబు ఒక్క మాటా అనకముందే నవ్వించింది దేంతో?

ఇప్పుడు గోదావరి అంటే స్టేజీ మీద "ఆయ్" ఒక్కటే మిగిలింది. యాస పట్టుకున్నారు, మనిషిని వదిలేశారు. గోదారి వెటకారం మాటలో సగమే ఉంటుంది. "తవరికి తెలీందేముందండీ" అంటూ భుజాలు వినయంగా వంగుతాయి, కళ్ళు మాత్రం పక్కవాడిని చూసి నవ్వుతుంటాయి. జోకు ఆ రెంటి మధ్య ఉంది. ఒళ్ళు తీసేస్తే మిగిలేది మర్యాదే, వెటకారం కాదు.

పోనీ, అమెరికా వాళ్ళనే గురువులనుకుందాం. 1979 నాటి "లైవ్ ఇన్ కాన్సర్ట్" సినిమాలో రిచర్డ్ ప్రయర్ తన గుండెపోటు గురించి చెబుతూ ఛాతీ పట్టుకుని మోకాళ్ళ మీద పడతాడు, నేల మీద వెల్లకిలా పడుకుంటాడు. గుండె అతన్ని దబాయిస్తుంటే అతను బతిమాలుకుంటాడు. రాసుకొచ్చింది చదివితే అందులో సగం కూడా రాదు.

పెద్ద శిక్షణేం అక్కర్లేదు. మైకు చేతిలోకి తీసుకుని స్టాండుని పక్కకి జరపండి. అత్తగారు ఎటు తిరిగి మాట్లాడుతుందో, అల్లుడు ఎటు చూస్తాడో ముందే అనుకోండి. నవ్వొస్తున్నప్పుడు ఆగి, చివరి వరుస దాకా చూడండి. ఇంటికెళ్ళాక మీ వీడియో మ్యూట్‌లో పెట్టి చూసుకోండి. ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో మాట వినపడకుండా తెలియకపోతే, మీరు రాసింది మంచి వ్యాసమే కావచ్చు. అలాంటివి చదువుకుంటాం లెండి, మమ్మల్ని అంత దూరం ఎందుకు పిలవడం?