జామియాకూ మొహల్లాకూ మధ్య ఒక నుమాయిందా కావాలి

సికింద్రాబాద్ నుంచి ఫలక్‌నుమా పోయే ఎంఎంటీఎస్ లైను మీద ఆర్ట్స్ కాలేజీ అని ఒక స్టేషన్ ఉంది. దాని పక్కదే జామియా ఉస్మానియా. ఆ తర్వాత విద్యానగర్, కాచిగూడ, మలక్‌పేట్, దబీర్‌పురా, యాకుత్‌పురా. జామియా అంటే యూనివర్సిటీ అని మన ఇళ్లలో ఎవరికీ చెప్పక్కర్లేదు. అంటే పాత బస్తీ మొహల్లాల నుంచి ఉస్మానియా యూనివర్సిటీకి రైలు పట్టాలు నేరుగానే ఉన్నాయి. లేనిదల్లా, ఆ రైలు దిగిన అమ్మీ అబ్బాలను "రండి, ఏం కావాలి?" అని అడిగే మనిషి.

సెక్యూరిటీ గార్డు గురించో ఆఫీసు క్లర్కు గురించో కాదు నేను చెప్పేది. తలబా, అంటే విద్యార్థులు, తమ ఓటుతో ఎన్నుకున్న నుమాయిందా గురించి.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1988లో స్టూడెంట్ యూనియన్ ఇంతిఖాబాత్ ఆపేశారు. తర్వాత రాష్ట్రం రెండయింది, హుకూమత్‌లు మారాయి. మన స్టేట్ యూనివర్సిటీల్లో ఆ తాళం మాత్రం తీసినవాళ్లు లేరు. ఇందులో ఒక విచిత్రం చూడండి. 1989లోనే దేశంలో ఓటు వయసును 21 నుంచి 18కి తగ్గించారు. అప్పటి నుంచి మన పద్దెనిమిదేళ్ల బిడ్డ ముఖ్యమంత్రి ఎవరో తేల్చే ఓటు వేస్తున్నాడు. తన కాలేజీలో మంచినీళ్ల గురించి ఎవరు మాట్లాడాలో తేల్చే ఓటు మాత్రం వాడికి లేదు.

యూనియన్ అనగానే మనకు నినాదాలు, ధర్నాలు, బంద్‌లే యాదికొస్తాయి. యూనియన్‌కు ఇంకో పని ఉంది. అది క్యాంపస్‌కూ షహర్‌కూ మధ్య పుల్‌లా నిలబడటం. నా లెక్కలో అసలు పని అదే.

ఉస్మానియానే చూద్దాం. 1918లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో మొదలైంది. ఉర్దూ జబాన్‌లో పై చదువులు చెప్పాలన్నది ఇరాదా. సైన్సు, తారీఖ్, కానూన్ కితాబులను ఉర్దూలోకి తేవడానికి దారుల్ తర్జుమా పెట్టారు. మామూలు ఇళ్ల పిల్లలకు వాళ్లకు తెలిసిన జబాన్‌లో ఇల్మ్ అందాలన్నది దాని వెనకున్న సోచ్. అంటే షహర్ కోసం పుట్టిన ఇదారా అది. 1939లో ఆర్ట్స్ కాలేజీ ఇమారత్‌ను ప్రారంభించారు. అప్పట్లో అడిక్‌మెట్ అంటే ఊరి బయట. ఇప్పుడు తార్నాక, హబ్సిగూడ, విద్యానగర్, సీతాఫల్‌మండి, మాణికేశ్వరీనగర్ దాన్ని నాలుగు దిక్కులా చుట్టుముట్టాయి. గోడకు ఇటు షహర్, అటు జామియా. ఇద్దరూ హమ్‌సాయాలే. కానీ కూర్చుని మాట్లాడుకునే రివాజు లేదు.

దీని నష్టం ఎవరికో కాదు, మనకే. మన పిల్లల్లో చాలామంది ఖాందాన్‌లో మొదటిసారి యూనివర్సిటీ మెట్లు ఎక్కుతున్నవాళ్లు. వాళ్ల తల్లిదండ్రులు నన్ను అడిగే సవాళ్లు అన్నీ చిన్నవే. హాస్టల్‌కు దర్ఖాస్తు ఎప్పుడు పెట్టాలి? ఫీజు రీయింబర్స్‌మెంట్ పైసలు రాకపోతే సర్టిఫికెట్లు ఆపుతారా? సాయంత్రం క్లాసు అయ్యాక ఆడపిల్లకు బస్సు దొరుకుతుందా? బయట గది చూసుకుంటే పేరు వినగానే "ఖాళీ లేదు" అంటున్నారు, ఎవరికి చెప్పుకోవాలి? ఒక్కో సవాలుకు ఒక్కో ఆఫీసు. ఆఫీసు చుట్టూ తిరగడానికి రోజుకూలీ పోగొట్టుకోవాలి. కొందరు విసుగొచ్చి బిడ్డను ఇంటి పక్క ప్రైవేటు కాలేజీలో వేసేస్తారు. కొందరు ఆడపిల్ల చదువే ఆపేస్తారు.

ఎన్నికైన యూనియన్ ఉంటే ఏం చేయొచ్చు? నా మనసులో నాలుగు పనులున్నాయి.

ఒకటి, గదుల సంగతి. చుట్టుపక్కల ఇంటి ఓనర్లతో యూనియన్ కూర్చుని కిరాయి, అడ్వాన్సు, కరెంటు బిల్లు మీద ఒక మాట అనుకోవాలి. ఎవరు ఎవరికైనా గది ఇస్తారో రిజిస్టర్ పెట్టాలి. తలబా వల్ల గల్లీలో గోల అవుతుంటే ఓనర్ల షికాయత్ కూడా అక్కడే వినాలి. ఎతెమాద్ రెండు వైపులా పెరగాలి కదా.

రెండు, సవారీ. బస్సు టైములు, స్టేషన్ నుంచి క్యాంపస్ లోపలికి వచ్చే దారిలో లైట్లు, రాత్రి ఆటోలు. వీటి మీద ఆర్టీసీతో, జీహెచ్ఎంసీతో ఒక్కో విద్యార్థి మాట్లాడితే ఎవరూ వినరు. వేలమంది ఓటేసి పంపిన మనిషి సంతకంతో పోయిన కాగితానికి వజన్ ఉంటుంది.

మూడు, మొహల్లాకు పోవడం. అడ్మిషన్ల సీజన్‌లో యాకుత్‌పురాలోనో మలక్‌పేట్‌లోనో ఒక టేబుల్ వేసుకుని ఫారాలు నింపి పెట్టడం. ఇది నేను కొత్తగా కనిపెట్టింది కాదు. అలీగఢ్ ఎంఏఓ కాలేజీ తలబా 1890లోనే అంజుమన్ అల్ ఫర్జ్ అని ఒక జమాఅత్ పెట్టుకున్నారు. ఇంగ్లీషులో డ్యూటీ సొసైటీ. దాన్ని మొదలుపెట్టిన సాహెబ్‌జాదా ఆఫ్తాబ్ అహ్మద్ ఖాన్ అప్పటికి అక్కడ చదువుకున్న కుర్రాడే. సెలవుల్లో ఊళ్లు తిరిగి, గరీబు పిల్లల చదువు కోసం చందాలు జమ చేసేవాళ్లు. ఇంటింటికీ పోయి మా కాలేజీ ఇదీ అని చెప్పేవాళ్లు. సెలవులకు ఇంటికెళ్లే తలబాయే కాలేజీకి సఫీర్లయ్యారు.

నాలుగు, నెలకు ఒకసారి హమ్‌సాయాల బైఠక్. పొద్దున క్యాంపస్ రోడ్ల మీద వాకింగ్‌కు వచ్చే బుజుర్గులు, గోడ పక్కన చాయ్ బండి పెట్టుకున్నవాళ్లు, బస్తీ పెద్దలు, హాస్టల్ తలబా ఒకచోట కూర్చోవాలి. ఏ గేటు ఎప్పుడు మూస్తారు, బండ్లు ఎక్కడ పెట్టుకోవాలి, ఊరేగింపు రోజున దారి ఎటు అన్నవి ముందే మాట్లాడుకుంటే గొడవ దాకా రాదు.

"ఇదంతా బాగుంది భాయ్‌సాబ్, మా బిడ్డ సియాసత్‌లో పడి చెడిపోతే?" అంటారు. ఆ భయం ఉత్తిది కాదు. 1972లో ఉస్మానియా క్యాంపస్‌లోనే జార్జి రెడ్డిని పొడిచి చంపారు. ఎన్నికలు ఆపడానికి చెప్పిన సబబు కూడా కొట్లాటలే. కానీ ఎన్నికలు పోయాయి, పార్టీలు పోయాయా? ప్రతి పార్టీకీ క్యాంపస్‌లో ఒక విద్యార్థి విభాగం ఉంది. జెండాలున్నాయి, కొట్లాటలూ అప్పుడప్పుడూ ఉన్నాయి. పోయిందల్లా జవాబ్‌దారీ. తెలంగాణ ఉద్యమంలో ఉస్మానియా తలబా షహర్‌ను ఎలా కదిలించారో అందరం చూశాం. వాళ్ల జేఏసీలు కుర్బానీల మీద నిలబడ్డాయి, నేను తక్కువ చేయను. కానీ ఎన్నిక లేని జమాఅత్‌ను "లెక్క చెప్పు" అని అడిగే హక్కు మామూలు విద్యార్థికి ఉండదు. ఓటుతో వచ్చినవాణ్ని వచ్చే ఏడాది ఓటుతో దించొచ్చు.

కొట్లాటలకు, పైసల ఆటకు లగాం వేసే ఖాయిదాలు కూడా తయారుగా ఉన్నాయి. మాజీ చీఫ్ ఎలక్షన్ కమిషనర్ లింగ్డో కమిటీ ఇచ్చిన సిఫారసులను అమలు చేయమని 2006లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఒక్కో అభ్యర్థి ఖర్చు 5,000 రూపాయలు దాటకూడదు. క్లాసులకు 75 శాతం హాజరీ ఉండాలి. క్రిమినల్ రికార్డు ఉన్నవాడు నిలబడకూడదు. అచ్చు పోస్టర్లు వద్దు. మొత్తం తతంగం పది రోజుల్లో ముగియాలి. హిసాబ్ ఆడిట్ చేయించి చూపించాలి. మన గచ్చిబౌలిలోని సెంట్రల్ యూనివర్సిటీలో యూనియన్ ఎన్నికలు జరుగుతూ వచ్చాయి. ఒకే షహర్‌లో ఒక జామియా తలబాకు అక్ల్ ఉండి, ఇంకో జామియా తలబాకు లేకుండా పోతుందా?

ఎన్నికలు పెడితే చాలు, అన్నీ చక్కబడతాయని నేను అనను. యూనియన్ కూడా నాయకుల చుట్టూ తిరిగే బ్యాచ్‌గా మారొచ్చు. అందుకే మనం ముందు నుంచే దాని ముందు షరతు పెట్టాలి. ఏడాదిలో ఎన్ని ధర్నాలు చేశావని కాదు, ఎన్ని బస్తీలకు పోయావు, ఎంతమందికి గది దొరికింది, ఎన్ని బైఠక్‌లు పెట్టావని అడగాలి. మంచి యూనియన్‌లో ఏడాది పనిచేసిన కుర్రాడికి ఆఫీసర్‌తో అదబ్‌గా మాట్లాడటం వస్తుంది, దర్ఖాస్తు రాయడం వస్తుంది, తనతో రాజీ కానివాడితో కూర్చోవడం వస్తుంది. ఈ తాలీం ఏ కోచింగ్ సెంటర్‌లోనూ దొరకదు. మన ఆడపిల్లలకైతే మరీ అవసరం.

ఓట్లకు వచ్చే లీడర్లను మనం షాదీఖానా అడుగుతాం, ఖబ్రస్తాన్ గోడ అడుగుతాం. అడగాలి, తప్పులేదు. ఈసారి దానికి ఇంకోటి కలపండి: "మా బిడ్డ నీకు ఓటేయడానికి పనికొస్తాడు, వాళ్ల కాలేజీలో ఓటేయడానికి ఎందుకు పనికిరాడు?" జవాబు ఏం చెప్తాడో ఓపికగా వినండి. విని, ఇంటికొచ్చి పిల్లలకు చెప్పండి.