పాత బండికి కొత్త గేర్‌బాక్స్

మన అంబాసిడర్ గుర్తుందా? స్టీరింగ్ పక్కనే గేరు రాడ్డు, నాలుగే గేర్లు. 1992లో ఇసుజు ఇంజనుతో పాటు ఐదు గేర్లూ వచ్చాయి. ఆకారం అదే, పరుగు మారింది.

ఇక్కడ సౌదీలో మన సభ్యులొకరి దగ్గర 1970ల మొదట్లోని ల్యాండ్ క్రూయిజర్ ఎఫ్‌జె40 ఉంది. "ఐదు గేర్ల బాక్సు వేయిస్తే పిల్లలతో దమ్మాం నుంచి రియాద్ దాకా, ఆ 400 కిలోమీటర్లూ హాయిగా వెళ్ళొచ్చు కదండీ?" అని అడిగారు.

లాభం నిజమే. ఐదో గేరు నిష్పత్తి 0.85 అనుకుంటే, టాప్ గేరులో నిమిషానికి 3000 చుట్లు తిరిగే ఇంజను అదే వేగానికి 2550 తిరిగితే చాలు. మోత తగ్గుతుంది, పెట్రోలూ కలిసొస్తుంది.

అయితే బాక్సు పొడవు మారితే ప్రొపెల్లర్ షాఫ్టులు కొలత ప్రకారం మళ్ళీ చేయించాలి, మౌంటింగులు మార్చాలి. అంతకన్నా ముఖ్యం బ్రేకులు. ఆనాటి ఆ బండికి నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. వేడెక్కితే పట్టు సడలుతుంది. ఇంజను మోత తగ్గాక ఎంత వేగంలో ఉన్నామో తెలియదు. రోడ్డు మీదికి ఒంటె వచ్చినప్పుడు తెలుస్తుంది!

అందుకే ఆయనతో అన్నాను: మొదట ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు, మంచి టైర్లు, అందరికీ సీటు బెల్టులు. గేర్‌బాక్స్ ఆ తర్వాతే. ఒక్కదానికే డబ్బుంటే బ్రేకులకే పెట్టండి. రియాద్‌కు గంట ఆలస్యంగా చేరినా ఫరవాలేదు.